ప్లాస్టరింగ్ కూడా కాని ఇంటికి అడ్వాన్స్ తీసుకోవచ్చా? (కర్నూలు)

కుట్టుమిషన్_కర్నూలు | ఫిబ్రవరి 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నంద్యాల చెక్‌పోస్టు దాటాక లోపలికి 3 సెంట్ల స్థలంలో ఇల్లు కడుతున్నాం. కింద మేము ఉంటాం. మొదటి అంతస్తులో ఒక డబుల్ బెడ్‌రూమ్, ఆపైన రెండు సింగిల్ బెడ్‌రూములు. ఆ మూడు పోర్షన్లూ అద్దెకే. స్లాబులన్నీ పడ్డాయి. మొదటి అంతస్తులో లోపలి ప్లాస్టరింగ్ నడుస్తోంది, పైన ఇంకా ఇటుక గోడలే. మే నెలాఖరుకు తాళాలు చేతికిస్తానని మేస్త్రి అంటున్నాడు.

మా ఆయన ఆర్టీసీలో కండక్టర్. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. బ్యాంకులో 28 లక్షలు తీసుకున్నాం, 15 ఏళ్లకు. ఇప్పుడు విడుదలైన డబ్బుకు వడ్డీ మాత్రమే కడుతున్నాం. ఇల్లు పూర్తయితే నెలకు 27,600 దాకా కట్టాలి. డబుల్‌కు 9,000, సింగిల్‌కు 5,500 చొప్పున మూడూ నిండితే 20,000 వస్తుంది. ఒక్క పోర్షన్ రెండు నెలలు ఖాళీగా ఉన్నా నా మిషన్ డబ్బులన్నీ దానికే పోతాయి. రాత్రి పడుకుంటే ఇదే టెన్షన్.

అందుకని ఇప్పటి నుంచే మనుషుల్ని చూసుకుందామని అట్టముక్క మీద ఫోన్ నంబర్ రాసి సెంట్రింగ్ కర్రకు కట్టాం. నాలుగు రోజుల్లో ఆరు ఫోన్లు వచ్చాయి. ఆదివారం ఒక జంట సిమెంటు బస్తాలు దాటుకుంటూ మెట్లెక్కి చూశారు. ఆయనకు ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగం. పాప ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరుతుంది. ఆమె వంటింటి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, ఇక్కడ గాలి బాగుందండీ అంది. ఆయన వెంటనే 10,000 తీసి నా చేతిలో పెట్టబోయాడు. నేను తీసుకోలేదు, కొన్ని రోజులు ఆగమన్నాను. మా ఆయనకు కోపం వచ్చింది, వచ్చిన లక్ష్మిని ఎవరైనా వద్దంటారా అని.

ఎందుకు తీసుకోలేదో చెప్తాను. పెళ్లయ్యాక 14 ఏళ్లలో మేము 5 ఇళ్లు మారాం. ఒకసారి ఇలాగే కడుతున్న ఇంటికి అడ్వాన్స్ ఇచ్చి రెండు నెలలు ఎదురుచూశాం. తలుపులు బిగించడం చూసొచ్చాం, సున్నం వేయడం చూసొచ్చాం. మా అబ్బాయి తన మంచం ఎక్కడ వేయాలో కూడా అనుకున్నాడు. చేరాల్సిన వారానికి ఓనరు ఫోన్ చేసి, ఇంకెవరో 500 ఎక్కువ ఇస్తామన్నారు, మీ డబ్బు మీరు తీసుకుపోండి అన్నాడు. డబ్బు తిరిగి ఇచ్చాడు, కాదనను. కానీ అప్పటికే ఉన్న ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేసి ఉన్నాం. ఆ వారం రోజులు నేను ఎలా తిరిగానో ఆ వీధులకు తెలుసు. ఆ పని నేను ఇంకొకరికి చేయకూడదు.

పూర్తికాని ఇంటికి ఎన్ని నెలల ముందు నుంచి మనుషుల్ని వెతకొచ్చు? డబ్బు ఎంత తీసుకోవాలి? ఆలస్యమైతే ఏం చేయాలి? ఇల్లు పూర్తికాకుండా బోర్డు పెడితే చట్టం ప్రకారం తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి.

సి_క్యాంపు_మాస్టారు | ఫిబ్రవరి 10, ఉదయం 6:15

అమ్మా, ఆ డబ్బు తీసుకోకుండా ఆగారు, మంచి పని చేశారు. నేను ఆగలేదు. ఆ కథ చెప్తాను.

రిటైరయ్యాక 2021లో మా పాత ఇల్లు తీసేసి రెండు అంతస్తులు కట్టాను. మార్చిలో జనరల్ ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సమ్మ వచ్చి చూసింది. ఇద్దరు పిల్లలు, భర్తకు వేరే ఊర్లో ఉద్యోగం. నైట్ డ్యూటీలుంటాయి సార్, ఆసుపత్రికి దగ్గరగా ఉండాలి అంది. నేను 15,000 తీసుకుని జూన్ 1న పాలు పొంగించుకోమ్మా అని మాటిచ్చాను. మేస్త్రి నాకు చెప్పిన తేదీ కూడా అదే. ఒక్కరోజు కూడా పైన వేసుకోలేదు.

మే రెండో వారంలో వడ్రంగి ఊర్లో పెళ్లని వెళ్లి 12 రోజులు రాలేదు. తలుపులు లేనిదే పెయింటర్ మొదలుపెట్టడు. పెయింట్ కానిదే కరెంటు బోర్డులు బిగించనన్నాడు ఇంకొకాయన. అవన్నీ అయ్యేసరికి మీటర్లు రాలేదు. కట్టుబడికి తీసుకున్న టెంపరరీ కనెక్షన్‌తో కాపురం పెట్టించలేం కదా. జూన్ 1 కాస్తా జూన్ 23 అయింది. ఆ మూడు వారాలూ ఆమె ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని తోటి నర్సు గదిలో సర్దుకుంది. సామానంతా మా వరండాలో పట్టా కప్పి పెట్టాం. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. రోజూ డ్యూటీకి వెళ్తూ మెట్ల దగ్గర ఆగి పైకి చూసి వెళ్లేది. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మొదటి నెల అద్దె నేను తీసుకోలేదు, అయినా అది సరిపోదు.

ఆ తర్వాత పై అంతస్తుకు ఇలా చేశాను. ఎవరికీ తేదీ చెప్పలేదు. పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాను. తలుపులు బిగించి, బాత్రూంలో నీళ్లు తిప్పి చూసి, మీటరు పెట్టిన రోజున నేనే ఫోన్ చేస్తాను, ఆ రోజు నుంచి పది రోజుల్లో మీరు రావచ్చు అన్నాను. ఇంకా ఎన్నాళ్లు పట్టొచ్చు అని అడిగితే, మేస్త్రి చెప్పినదానికి నెల కలిపి చెప్పాను. ఆ నెల ఆగలేనివాళ్లు అప్పుడే వెళ్లిపోయారు. వాళ్లకూ మంచిదే, నాకూ మంచిదే.

డబ్బు 2,000 మాత్రమే తీసుకున్నాను, పేరు రాసుకోవడానికి. అసలు అడ్వాన్స్ తాళం ఇచ్చే రోజే. నోట్‌బుక్ కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాం. ఏ పోర్షను, ఎంత అద్దె, నేను ఆలస్యం చేస్తే వాళ్లు ఎప్పుడైనా మొత్తం డబ్బు వెనక్కి తీసుకుని వెళ్లొచ్చు, నేను మాత్రం ఇంకొకరికి ఇవ్వకూడదు, అద్దె పెంచకూడదు. అంతే. మీకు జరిగిన అన్యాయానికి ఆ చివరి రెండు మాటలే మందు.

కట్టుబడి_తమ్ముడు | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:30

అక్కా, మా నాన్న మేస్త్రి. నేనూ ఆయనతోనే సైట్ల మీద తిరుగుతాను. మా వైపు నుంచి చెప్తాను, ఏమీ అనుకోకండి. మేస్త్రి మే నెలాఖరు అన్నాడంటే పనివాళ్లందరూ వరుసగా వస్తే అని అర్థం. ఎండాకాలంలో కర్నూల్లో మధ్యాహ్నం మూడు గంటలు పని ఆపాల్సిందే, బయట గోడల మీద మనిషి నిలబడలేడు. మే నెలలో పెళ్లిళ్లు కూడా ఉంటాయి. మాస్టారు చెప్పినట్టు నెల కలుపుకోండి.

ముఖ్యమైనది ఇంకొకటుంది. మూడు పోర్షన్లనూ ఒకేసారి సగం సగం చేయించకండి. మొదటి అంతస్తు డబుల్ బెడ్‌రూమ్ మొత్తం ముందు పూర్తి చేయించండి. తలుపులు, బండలు, స్విచ్ బోర్డులు, వంటింటి గట్టు, బాత్రూం కుళాయిలు, అన్నీ. పైన ఇటుక గోడలు చూసినవాడికి ఏం కనపడదు. కింద పూర్తయిన ఇల్లు చూపించి పైన కూడా ఇవే బండలు, ఇవే తలుపులు అంటే నమ్ముతాడు. మేము చేసిన ఒక ఇంట్లో ఓనరు బేతంచెర్ల బండలు పాలిష్ పట్టించి ఒక్క హాల్ మాత్రం ముందే తయారు చేయించాడు. పై రెండు పోర్షన్లూ ఇటుక గోడలుగా ఉండగానే అద్దెకు ఒప్పుకున్నారు.

గది చిన్నదా పెద్దదా అన్నది ఖాళీ గోడల మధ్య తెలియదు. ఇంకా బండలు వేయని గదిలో సుద్దముక్కతో మంచం, బీరువా, ఫ్రిజ్ కొలత ప్రకారం గీసి పెట్టండి. ఆరడుగుల మంచం వేశాక తలుపు తెరుచుకుంటుందా లేదా అని వాళ్లే చూసుకుంటారు. తర్వాత గొడవ ఉండదు.

తొందరపడి చేర్చుకోవద్దు. ప్లాస్టరింగ్ అయ్యాక వారం పది రోజులు బాగా తడపాలి, మన ఎండలకు ఇంకా కొంచెం ఎక్కువే. ఆ తర్వాత గోడ ఆరాలి. ప్లాస్టరింగ్ అయిన 28 రోజులకు గానీ పెయింట్ వేయొద్దంటారు. తడి మీదే పెయింట్ వేస్తే నెలకే పొక్కులు లేస్తాయి, తెల్లగా ఉప్పు పూస్తుంది. పసిపిల్లలు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు ఆ చెమ్మలో పడుకోకూడదు. జూన్‌కు మనుషుల్ని దించాలంటే పై అంతస్తు ప్లాస్టరింగ్ మార్చిలోనే అయిపోవాలి. రేపే మీ మేస్త్రిని కూర్చోబెట్టి ఈ ఒక్కటి అడగండి.

బళ్లారి_చౌరస్తా | ఫిబ్రవరి 10, సాయంత్రం 7:05

నేను మాస్టారితో ఒప్పుకోను. 2,000 ఇచ్చినవాడికి ఇంకో ఇల్లు దొరికితే ఆ 2,000 వదిలేసి పోతాడు. అప్పుడు మీకు జూన్ దాటిపోతుంది. రెండు నెలల అద్దె ముందే తీసుకోండి, మనిషి నిలబడతాడు.

అద్దె విషయం కూడా. 2020లో మన ఊరు న్యాయ రాజధాని అని చట్టం చేసినప్పుడు నేను రెండు పోర్షన్లు కట్టి, లాయర్లు వస్తారు, ఉద్యోగులు వస్తారు అని 14,000 చెప్పాను. చుట్టుపక్కల 9,000 నడుస్తోంది. 2021 నవంబరులో ఆ చట్టం వెనక్కి తీసుకున్నారు. అప్పటిదాకా ఏడు నెలలు ఒక పోర్షన్‌కు తాళమే. తర్వాత 8,500కు ఇచ్చాను. మీ వీధిలో ఇవాళ నడుస్తున్నదే చెప్పండి, రేపు ఏదో వస్తుందని చెప్పకండి.

సి_క్యాంపు_మాస్టారు | ఫిబ్రవరి 10, రాత్రి 8:20

అన్నా, మీరన్నది నిజమే, 2,000 వదిలేసి ఒకరు పోయారు నాకు కూడా. కానీ తాళాలు నా చేతిలో లేనప్పుడు వాళ్ల 18,000 నా దగ్గర ఎందుకు? ఆ డబ్బు సిమెంటుకో టైల్స్‌కో ఖర్చవుతుంది. వాళ్లు తిరిగి అడిగిన రోజు నా దగ్గర ఉండదు. ఇల్లు కట్టేవాళ్లందరికీ ఇది తెలుసు.

పసుపుల_రోడ్డు_అద్దెకున్నవాణ్ణి | ఫిబ్రవరి 11, ఉదయం 9:50

నేను అటువైపు నుంచి మాట్లాడతాను. మూడేళ్ల క్రితం తలుపులు లేని ఇంటికి నేనే ముందు ఒప్పుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాం. రాయలసీమ యూనివర్సిటీకి బండి మీద వెళ్తాను.

మీ అట్టముక్క మీద ఏం రాశారో కానీ, మాలాంటివాళ్లం అడిగేవి ఇవి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగినప్పుడు ఇక్కడికి నీళ్లు వచ్చాయా? కర్నూల్లో ఇల్లు చూసే ప్రతివాడి మనసులో ఈ ప్రశ్న ఉంటుంది, కొందరు మొహమాటానికి అడగరు. మీరే ముందు చెప్పండి. వచ్చి ఉంటే ఎంత ఎత్తు వచ్చాయో చెప్పి, ఇప్పుడు బేస్‌మెంట్ ఎంత లేపారో చూపించండి. దాచిపెడితే ఆ వీధి కిరాణా కొట్టాయనే చెప్పేస్తాడు.

రెండోది నీళ్లు. మున్సిపల్ నీళ్లు ఎన్ని రోజులకొకసారి, ఎంతసేపు, బోరు ఎన్ని అడుగులు, సంపు ఎంత, మోటారు ఎవరు వేయాలి. మూడోది మీటరు. ముగ్గురికీ మూడు వేరే మీటర్లు పెట్టించండి. ఒకే మీటరు మీద సబ్‌మీటర్లు పెడితే అందరి యూనిట్లూ కలిసి పై శ్లాబులోకి పోతాయి, కొద్దిగా వాడినవాడు కూడా ఎక్కువ రేటు కట్టాలి. పైన సింగిల్ బెడ్‌రూముల్లో ఏప్రిల్, మే వేడి ఎలా ఉంటుందో మాకు తెలుసు. స్లాబ్ మీద తెల్ల కూలింగ్ పెయింట్ వేయిస్తాను అంటే 5,500కు నేనైతే ఆలోచించను.

నన్ను ఒప్పించింది ఏమిటో తెలుసా? మా ఓనరమ్మ ప్రతి ఆదివారం వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపేది. తలుపు బిగించిన రోజు తలుపు ఫోటో. ఒక వారం ఏ పనీ జరగలేదు, ఆ వారం కూడా ఫోటో పంపి, ఈ వారం పనివాళ్లు రాలేదు సార్ అని రాసింది. ఆ ఒక్క మెసేజ్‌తో నమ్మకం కుదిరింది.

కోర్టు_పనులు | ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 12:10

చట్టం గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదని 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలో ఉన్నది అమ్మకాల గురించి. మీరు అమ్మడం లేదు, సొంత ఇంట్లో పోర్షన్లు అద్దెకు ఇస్తున్నారు. బోర్డు పెట్టుకోవచ్చు. తాళం ఇచ్చే రోజు 11 నెలల అగ్రిమెంట్ రాసుకోండి. ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ అనుకుని చాలామంది 11 నెలలు రాసుకుంటారు, కానీ మన రాష్ట్రంలో 1999 సవరణ ప్రకారం ఎంత కాలం లీజైనా రిజిస్టర్ చేయించాలి. 9,000 అద్దె అంటే ఏడాదికి 1,08,000. లక్ష దాటితే, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు తీసుకునే ఉద్యోగి మీ పాన్ నంబర్ అడుగుతాడు. భయపడకండి, అది మామూలే. కానీ ముందే చెప్పుకోండి.

కుట్టుమిషన్_కర్నూలు | ఫిబ్రవరి 11, రాత్రి 11:00

అందరికీ చేతులెత్తి దండం. మా ఆయనకు కూర్చోబెట్టి అన్నీ చదివి వినిపించాను. మాస్టారి నర్సమ్మ సంగతి విన్నాక ఆయన ఏమీ అనలేదు, కాగితం నువ్వే రాయి అన్నాడు.

ఇంకొక మాట అడగాలి. ఆషాఢం, మూఢం వస్తే ఎవరూ ఇల్లు మారరు కదా. మాకు జూన్ దాటితే మళ్లీ శ్రావణం దాకా ఆగాల్సిందేనా?

పాతబస్తీ_ఆపా | ఫిబ్రవరి 12, ఉదయం 7:30

చెల్లీ, మాకు ఆషాఢం పట్టింపు లేదు. మేము పోయినసారి ఇల్లు మారింది ఆషాఢంలోనే. ఆ నెల్లో అద్దె ఇళ్లు ఖాళీగా ఉంటాయి, ఓనర్లు మంచిగా మాట్లాడతారు. కానీ ముస్లింలమని పేరు చెప్పగానే కొందరు ఇల్లు ఇవ్వరు. అద్దె నెల ఐదో తేదీలోపు కట్టేవాళ్లమైనా సరే. నువ్వు అలా అనకపోతే నీ ఇల్లు ఏ నెలలోనూ ఖాళీగా ఉండదు.

కుట్టుమిషన్_కర్నూలు | ఫిబ్రవరి 12, ఉదయం 8:05

ఆపా, నాకు మిషన్ నేర్పింది మా పాత వీధిలోని ఒక ముస్లిం అమ్మే. నేను అలా అనను. మీవాళ్లలో ఎవరైనా చూస్తుంటే చెప్పండి, వచ్చి చూడమనండి.

కుట్టుమిషన్_కర్నూలు | మే 24, రాత్రి 9:15

మూడు నెలలు రాయలేదు, పనుల్లో పడిపోయాను. ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

ఆ ల్యాబ్ ఉద్యోగం జంటకే మొదటి అంతస్తు. ఫిబ్రవరి 13న పిలిపించి, జూన్ నెలాఖరు దాకా పట్టొచ్చు, పాప బడి జూన్ 12న తెరుస్తారు, మీకు కుదరకపోతే ఇప్పుడే చెప్పండి అన్నాను. ఆమె చాలాసేపు ఆలోచించి, పాత ఇల్లు జూన్ దాకా ఉంచుకుంటాం, బడికి అక్కడి నుంచే పంపుతాం అంది. 2,000 తీసుకుని కాగితం రాశాను. అద్దె పెంచను, ఇంకొకరికి ఇవ్వను అన్న చోట నా సంతకం కింద మా ఆయనతో కూడా సంతకం పెట్టించాను.

తమ్ముడు చెప్పినట్టు మేస్త్రిని అడిగితే, పై అంతస్తు ప్లాస్టరింగ్ ఏప్రిల్‌లో చేద్దామనుకున్నానమ్మా అన్నాడు. మార్చికి జరిపించాను. దానికి ఇద్దరు మనుషులు ఎక్కువ పడ్డారు, 14,000 అదనం అయింది. ఆ ఖర్చు బాధగానే ఉంది కానీ గోడలు ఇప్పుడు చేత్తో తాకితే పొడిగా ఉన్నాయి. ప్రతి ఆదివారం ఫోటోలు పంపాను. రెండు వారాలు వడ్రంగి రాలేదు, ఆ మాట కూడా రాశాను. ఆమె, ఫర్వాలేదక్కా అని తిరిగి రాసింది.

పైన ఒక సింగిల్‌కు ఆపా పంపిన కుటుంబం ఒప్పుకుంది. భార్యాభర్తలు, అత్తమ్మ. ఆయనకు సెల్‌ఫోన్ రిపేరు షాపు. అత్తమ్మకు మెట్లు కష్టమేమో అని నేనే అడిగాను. మెల్లగా ఎక్కుతానమ్మా, పైన గాలి బాగుంది అంది. మెట్లకు రెండోవైపు కూడా రెయిలింగ్ పెట్టిస్తున్నాను. రెండో సింగిల్‌కు మెడికల్ రెప్ ఒకాయన 1,500 ఇచ్చి, ఏప్రిల్‌లో వేరేచోట దొరికిందని వెళ్లిపోయాడు. బళ్లారి చౌరస్తా అన్న చెప్పినట్టే అయింది. నేను ఆయన డబ్బు తిరిగి ఇచ్చేశాను. అది ఇంకా ఖాళీగానే ఉంది, తెల్ల కూలింగ్ పెయింట్ కూడా వేయించాం.

నీళ్ల సంగతి కూడా కనుక్కున్నాను. 2009లో మా వీధి చివరిదాకా వచ్చి ఆగాయని ఎదురింటి పెద్దాయన చెప్పాడు. మా బేస్‌మెంట్ రోడ్డు కంటే మూడున్నర అడుగులు ఎత్తులో ఉంది. అడగకముందే అందరికీ చెప్తున్నాను.

మీటర్లకు డబ్బు కట్టాం. సోమవారం వచ్చి బిగిస్తామన్నారు. బిగించిన రోజు ముందు మొదటి అంతస్తు ఆమెకే ఫోన్ చేస్తాను. ఆ వంటింటి కిటికీకి దోమల జాలీ ఇంకా పెట్టలేదు, రేపు అది పెట్టించాలి.